దొంగ హాజరు

ఆ రోజు రెబెకా చేయాల్సింది ఒకటే పని. నలుగురిలో ఒక్క మాట అనాలి.

"హాజర్."

జమ్మలమడుగులో బస్సెక్కి ప్రొద్దుటూరులో దిగేదాకా ఆ మాటను మనసులో వంద సార్లు అనుకుంది. అయినా నోరు ఎండిపోతూనే ఉంది.

"పలకకపోతే మీ తాత పేరు ఎర్ర సిరాతో కొట్టేస్తారు. ఆ మీదట మన ఇంటికి కబురూ రాదు, మనిషీ రాడు" అని అవ్వ ఆనందమ్మ మరీ మరీ చెప్పి పంపింది. ఇన్నేండ్లూ అవ్వే వచ్చేది. ఈ ఏడు మోకాళ్ళు లేవనీయలేదు.

డెబ్బై ఒకటి యుద్ధానికి పోయిన చుట్టుపక్కల సిపాయిల ఇళ్ళవాళ్ళంతా ఏటా డిసెంబరులో ప్రొద్దుటూరులో ఒక కల్యాణ మండపంలో కలుస్తారు. సుబేదార్ నారాయణ పేర్లు పిలుస్తాడు. ఆయనకు చూపు పోయింది గానీ పేర్ల పట్టీ అంతా కంఠతా వచ్చు. చనిపోయినవాళ్ళ పేర్లకు ఇంటివాళ్ళు హాజర్ అని, ఇంటి సంగతి ఒక ముక్క చెప్పాలి. మూడుసార్లు పిలిచినా పలుకు లేకపోతే పేరు పోయినట్టే. ఆ పట్టీ, ఎర్ర పెన్నూ ఈ ఏడే కొత్తగా నారాయణ మనవడు సుధీర్ చేతికొచ్చాయి.

రెబెకా వెనక వరుసలో మూల కుర్చీ చూసుకుంది.

చుట్టూ అన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా, మఫ్లరు చుట్టుకున్న ముసలాయన ఒకడు వచ్చి సరిగ్గా ఆమె పక్కనే కూర్చున్నాడు.

"శొంఠి బిళ్ళ పాపా. నోట్లో వేసుకో, గొంతు బిగుసుకోదు."

రెబెకా తల అడ్డంగా ఊపి, కుర్చీ కొంచెం జరుపుకుంది.

పిలుపు మొదలైంది.

"ఆరోన్, చిలమకూరు!"

"హాజర్!" పక్కనుంచే, బొంగురుగా. "కోడలికి కాన్పాయ. ఆడబిడ్డ."

ఓహో, ఈయనది చిలమకూరా అనుకుంది.

ముందు వరుసల్లో నలుగురు పలికారు.

"ఓబులేసు, తుమ్మలపల్లె!"

ముసలాయన లేచి, రెండడుగులు పక్కకు జరిగి, గొంతు సన్నం చేశాడు. "హాజర్! కొడుక్కు గనిలో షిఫ్టు. లీవు ఇయ్యలేదు."

రెబెకా కళ్ళు పెద్దవయ్యాయి.

"చెన్నయ్య, పులివెందుల!"

"హాజర్!" ఈసారి ముక్కుతో. "ఇంటామెకు పక్షవాతం తగ్గుతాంది. చెయ్యి పైకి లేస్తాంది."

ప్రాక్సీ! కాలేజీలో రానివాళ్ళ బదులు పలికే ఇలాంటివాళ్ళను ఆమె రోజూ చూస్తుంది.

ఒళ్ళు మండిపోయింది. నిజంగా ఇంటినుంచి వచ్చిన తను భయంతో చస్తుంటే, ఈయన ఊరికొక మనిషై నోటికొచ్చింది చెబుతాడా?

లేచి చెప్పడానికి నోరు రాలేదు. డైరీలోంచి కాగితం చించి రాసింది: "వెనక మఫ్లరు తాత అందరికీ దొంగ హాజరు పలుకుతున్నాడు." చేతులు మారి అది సుధీర్ దగ్గరికి పోయింది.

సుధీర్ చరచరా వచ్చాడు.

"ఏమప్పా పెద్దాయనా, నీది చిలమకూరా, తుమ్మలపల్లా, పులివెందులా? ఒక్క పొద్దులో ఎన్ని ఊర్లు మారుస్తావు?"

"ఆఖర్న ఒక్క పేరుంది నాయనా. అందాకా ఉండనీ."

"ఆఖర్న బిర్యానీ కూడా ఉంది. అప్పుడు పిలుస్తాంలే, బయట కూర్చో పో."

ముసలాయన మొహం నల్లబడింది. మఫ్లరు బిగించి, గేటు దాటి, బస్టాండు వైపు నడిచాడు.

తను కూడా ఒక పని చేయగలిగానని రెబెకాకు గర్వమనిపించింది.

"గంగన్న, ముద్దనూరు!"

పలుకు లేదు. రెండోసారీ లేదు. మూడోసారీ లేదు. పట్టీ మీద ఎర్ర గీత పడింది.

"దయానందం, జమ్మలమడుగు!"

తాత పేరు!

రెబెకా లేచి నిలబడింది. గొంతు బిగుసుకుపోయింది.

"దయానందం!"

దిక్కుతోచక పక్క కుర్చీ వైపు చూసింది. దాని మీద ఒక శొంఠి బిళ్ళ, దాని కింద మడత పెట్టిన చీటీ. తీసి చూసింది. పేరు పేరుకూ ఆయన ఆ ఇంటికి పోయి వచ్చిన తేదీ ఉంది. బస్సు టికెట్లు గుండుసూదితో గుచ్చి ఉన్నాయి.

"ఆరోన్ – కోడలి కాన్పు. ఓబులేసు – కొడుక్కు లీవు లేదు. గంగన్న – భార్యకు కంటి ఆపరేషన్, కడపలో ఉండారు."

ఆ కింద:

"దయానందం – ఆనందమ్మకు మోకాళ్ళు. మనవరాలు వస్తాది. శానా బిడియం. పక్కన కూర్చోవాల. గొంతు రాకుంటే నేను."

"దయానందం! మూడోసారి!"

"హాజర్!"

ఆ కేక తనదేనని రెబెకాకు ఒక క్షణం తెలియలేదు.

"మా అవ్వకు మోకాళ్ళ నొప్పులు. మనిషి బాగుంది. సుబేదార్ తాతా, గంగన్న కూడా హాజర్! ఆయన భార్యకు కంటి ఆపరేషన్. ఆ గీత తీసేయమను!"

నారాయణ నవ్వాడు. "ఇరవై ఏండ్లుగా వెనకనుంచి ఒకటే గొంతు వింటాండా. ఇప్పుడు మారిందే!"

సుధీర్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఆపైన రాని ఇంటి పేరు ఏది పిలిచినా, రెబెకా చీటీ చూసి, గొంతు మార్చకుండా, గట్టిగా పలికింది.

"ఆఖరి పేరు." నారాయణ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మాతో పోయి, మాతో తిరిగి రానోడు. నయీం, వేంపల్లె!"

రెబెకా చీటీలో ఆఖరి వరుస చదివింది. గేటు వైపు చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది.

"నయీం!"

"హాజర్" అంది రెబెకా. "వాళ్ళన్న వచ్చినాడు తాతా. నేనే బయటికి పంపించినా."