గీత లోపల

"ఆ కోచ్‌ని పీకేయాల్సింది నువ్వే," అన్నాడు హాజ్ బద్రావీ, పాకం కారుతున్న మిషబ్బిక్ మిఠాయి ముక్క నోట్లో వేసుకుంటూ. "మేం తీసేస్తే ఈ వడ్రంగుల ఊరు దమ్యాత్ అంతా ఉలీ సుత్తీ పట్టుకుని మా మీద పడుతుంది. నువ్వు తీసేస్తే నోరెత్తేవాడెవడు?"

బూరీ కొత్త కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. బద్రావీ తన కార్ఖానాలో ప్రత్యేకంగా చేయించిన కుర్చీ అది.

మోకాలు చెడేదాకా ఈ క్లబ్బుకే ఆడాడు బూరీ. బూరీ చేపలా జారిపోతాడని జనం పెట్టిన పేరది. అసలు పేరు ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఆట మానేశాక కాఫీ హోటళ్లలో పాత గోల్స్ గురించి చెప్పుకుంటూ కాలక్షేపం చేశాడు. వినేవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతుంటే దిగులు మొదలైంది. సరిగ్గా అప్పుడే క్లబ్బు అధ్యక్షుడు బద్రావీ పిలిచి ముదీర్‌ని చేశాడు. అంటే బద్రావీ తర్వాత అన్నిటికీ పెద్ద.

ఇప్పుడు పీకేయాల్సింది కెప్టెన్ షాజ్లీని. పిల్లల జట్టు కోచ్. ఊళ్లో బంతి తన్నిన ప్రతివాడూ ఆయన చేతికింద తన్నినవాడే. ఆయన చేసిన నేరం ఒక్కటే. బద్రావీ మనవణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాడు. "వీడి పరుగు చూస్తే గాడిదకి కూడా నవ్వొస్తుంది" అన్నాడు, అదీ వాళ్లమ్మ వింటుండగా.

"ఈ ఏడాదికి వదిలేద్దాం హాజ్," అన్నాడు బూరీ. "ఆయనకి ఆ మైదానం తప్ప వేరే లోకం లేదు."

"వదిలేద్దాం. దానికేం భాగ్యం! కుర్చీ ఎక్కడికీ పోదు, ఇంకొకడు కూర్చుంటాడు." బద్రావీ వేళ్లు తుడుచుకున్నాడు. "సాయంత్రంలోగా తేల్చు, ముదీర్ గారూ."

బూరీ మెట్లు దిగాడు. గేటు దగ్గర ముసలి కాపలాదారు ఫర్రాగ్ లేచి నిలబడి వంకరగా సలాం కొట్టాడు.

"ఏం ముదీర్ గారూ! నీకు కుర్చీ దక్కిందని మీ అమ్మ వాడంతా షర్బత్ పోసింది. నీ చేత్తో మాకు చుక్కయినా లేదా?"

"పోస్తాలే బాబాయ్. కెప్టెన్ ఎక్కడ?"

"ఎక్కడుంటాడు, గీత లోపలే. ఆయనా తాగాడయ్యా షర్బత్. చక్కెర ఎక్కువైందన్నాడు, అంతే! పొద్దున అడిగా, 'మీవాడు కారులో తిరుగుతుంటే నీకీ డొక్కు సైకిలేంటి' అని. పలికితేగా!"

బూరీ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

షాజ్లీది ఒకటే సూత్రం. మైదానం చుట్టూ సున్నంతో గీసిన గీత ఉంటుంది. ఆ గీత లోపల ఆయన అందరికీ కెప్టెన్. మంత్రి వచ్చినా అంతే, బావమరిది వచ్చినా అంతే. చిన్నప్పుడు ఓసారి బూరీ మోకాలు చీరుకుపోయి, ఆ ఏడుపులో 'కెప్టెన్' అనడం మరిచిపోయాడు. ఆట ఆపించి, నెత్తురోడుతున్న కాలితోనే మైదానం చుట్టూ పరిగెత్తించాడు షాజ్లీ. అందరి కంటే ఎక్కువ తిట్లు బూరీకే. వీడు మనిషి కాదు, కసాయి అనుకునేవాడు అప్పట్లో. పెద్ద జట్టులోకి వెళ్లాక తెలిసింది, ఆ కాళ్లు ఆయన పెట్టిన భిక్ష అని.

పిల్లలు వెళ్లిపోయారు. షాజ్లీ ఒక్కడే వంగి బంతులు ఏరుతున్నాడు.

"అస్సలాము అలైకుమ్, కెప్టెన్."

"ఆగక్కడ! ఆ పెళ్లికొడుకు బూట్లతో నా గడ్డి తొక్కుతావా?"

బూరీ బూట్లు విప్పాడు. మేజోళ్లతో తడి గడ్డి మీద నిలబడ్డాడు. క్లబ్బు ముదీర్ గారు!

"మీతో మాట్లాడాలి, కెప్టెన్."

"మాట్లాడు. బంతి కాళ్ల దగ్గర పెట్టుకుని దిక్కులు చూసేవాడంటే నాకు ఒళ్లుమంట."

"మీరు చాలా చేశారు. వయసు కూడా మీద పడింది... ఇక విశ్రాంతి తీసుకుంటే మంచిదని బోర్డు అనుకుంటోంది. రేపు కొత్త కోచ్ వస్తాడు. మీకు ఘనంగా సన్మానం చేస్తాం. షీల్డు ఇస్తాం."

షాజ్లీ చేతిలోని బంతి సంచీలో వేశాడు. నెమ్మదిగా నడుం నిటారు చేసుకున్నాడు.

"బోర్డు అనుకుంటోందా, నువ్వు అనుకుంటున్నావా?"

'నేను కాదు' అంటే చాలు. ఆ మాట బూరీ నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో కాఫీ హోటలూ, వినేవాడు లేని బల్లా కళ్ల ముందు మెదిలాయి.

"నేనే, కెప్టెన్."

"ఊఁ." షాజ్లీ సంచీ మూతి బిగించి కట్టాడు. "షీల్డు వద్దు. తగిలించే చోటు లేదు, గోడ నిండా నీ ఫొటోలే. ఆ ఎడమకాలితో తన్నే పిల్లాడున్నాడే, వాణ్ణి బెంచీ మీద మగ్గబెట్టొద్దని కొత్తాయనకి చెప్పు."

"చెబుతాను."

"చెప్పవులే."

సంచీ అక్కడే వదిలేసి సైకిలు వైపు నడిచాడు. బూరీ బూట్లు చేత్తో పట్టుకుని వెనకాలే వెళ్లాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"కెప్టెన్... కెప్టెన్, ఒక్క మాట..."

షాజ్లీ సున్నపు గీత దాటాడు. అవతల నిలబడి వెనక్కి తిరిగాడు.

"గీత దాటాక ఇంకా కెప్టెనేంట్రా! ఇంటికి పద, 'నీ మొగుణ్ణి నేనే పీకేశానమ్మా' అని మీ అమ్మతో నువ్వే చెప్పుకో, నావల్ల కాదు."