పెద్దచెట్టు పట్టీ

గరిటెతో గీకగానే గొంగళిపురుగు చిట్లి, పచ్చటి రసం చేతితొడుగు మీదికి చిమ్మింది. చిన్నకోడలు మొహం పక్కకు తిప్పుకుని గరిటెను సబ్బునీళ్ళలో ముంచింది.

ఏ పరాయి దేశం నుంచో సరుకుతో పాటు దిగబడిన దరిద్రపు పురుగులు! ఎన్నో తరాలుగా అడవిలో ఉన్న సొంత చెట్లను బోడి చేసేస్తున్నాయి. రాత్రంతా ఆకులు మేసి, తెల్లారగానే నీడ వెతుక్కుంటూ కిందికి దిగుతాయి. అందుకే ప్రతి మానుకూ గోనె పట్టీ కడతారు. రోజూ ఆ పట్టీ విప్పి, కింద దూరినవాటిని గీకి, సబ్బునీళ్ళలో పడెయ్యాలి. ఛీ, తలుచుకుంటేనే ఒళ్ళు జలదరించే పని. అయినా తోడికోడళ్ళిద్దరూ తామే వెళ్ళి అటవీశాఖవాళ్ళకు పేర్లిచ్చి వచ్చారు.

పెద్దకోడలు కోరి మరీ పెద్దచెట్టు తీసుకుంది. ఆ జాతిలో కాయలు కాసేది ఇక అదొక్కటే. అది పోతే విత్తనం కూడా మిగలదు. మొదటిరోజు తాడు అయిపోతే, చిన్నకోడలే తన సంచిలోంచి సూదీ ఎర్రదారం తీసి దాని పట్టీకి నాలుగు కుట్లు వేసింది.

"రేపు వీటిని తెంపేసి తాడు కట్టుకో అక్కా" అంది.

ఇక అప్పట్నుంచీ అక్క గొప్పలకు అంతు లేదు.

"నా చెట్టు కడిగిన ముత్యమే! ఒక్క పురుగుంటే ఒట్టు. నీ చేతులేంటే అలా ఉన్నాయి, యాక్! దగ్గరికి రాకు."

అత్తగారూ వంత పాడేవారు. "దాని తొడుగులు చూడు, ఒక్క మరకుందా? పనంటే అలా ఉండాలి."

చిన్నకోడలు సబ్బుబిళ్ళలు అరగదీసినా చేతుల వాసన పోలేదు. ముద్ద నోటిదాకా వస్తే చాలు, డోకు వచ్చేది.

నెల తిరిగేసరికి పెద్దచెట్టు మోడైపోయింది.

"నీ చెట్ల మీదివే దీనికి పాకాయి. నువ్వు సరిగ్గా గీకి చస్తేగా!" అక్క అందరి ముందూ దులిపేసింది.

చిన్నకోడలికి తల కొట్టేసినట్టయింది. నిజమేనేమో! తన చేతకానితనమే ఇంత పని చేసిందేమో! తన మీద తనకే రోత పుట్టింది.

కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి పెద్దచెట్టు మీద చెయ్యేసింది. చేతి కింద పట్టీ మెత్తగా కదిలింది. లోపల లుకలుకలాడుతోంది.

"దాన్ని ముట్టుకోకు!" వెనకనుంచి అక్క కేక పెట్టింది.

చిన్నకోడలు వంగి చూసింది.

గోనె మీద తను వేసిన నాలుగు ఎర్రకుట్లూ ఒక్క పోగైనా తెగకుండా అలాగే ఉన్నాయి.