విన్నది మా ఆవిడ

"చెవులకి పెట్టుకో. నువ్వు ఊ అంటే ఈ ప్లేయర్‌ని రేపే జనంలోకి వదిలేస్తాను," అన్నాడు భర్త.

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. చెవులు పూర్తిగా వినిపించడం మానేసి ఏడాది దాటింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

భర్త చేసేదాన్ని వ్యాపారమనడానికి లేదు. ఉద్యోగం మానేసి, వెనక గదిలో ఒక్కడే కూర్చుని, కంప్యూటర్లో పాటలు వినిపించే ప్లేయర్ ఒకటి, వీడియోలు చూపించేది ఒకటి తయారుచేశాడు. రెండూ తెర మీద పోస్టుకార్డంత చోటులో ఇమిడిపోతాయి. ప్రకటనలుండవు, నసుండదు. కంప్యూటర్ కంపెనీలవాళ్లు ఏటా ఏదో ఒకటి మారుస్తారు. ఇతని ప్లేయర్లు మూగబోతాయి. మళ్లీ కూర్చుని బాగుచేస్తాడు. ఇంత చేసినా ఆదాయం గొర్రెతోక బెత్తెడే. అయినా ఎక్కడెక్కడివాళ్లో వాటిని పట్టుకుని వదలరు, శబ్దం అంత శుభ్రంగా ఉంటుందని.

ఆ శుభ్రత ఆమె పుణ్యమే. ఆమె సంగీతం టీచరు. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా పట్టేసేది. ఆమె వినకుండా ఏ వెర్షనూ గడప దాటలేదు. ప్లేయర్లో 'మా గురించి' అన్నచోట అతను రెండే ముక్కలు రాసుకున్నాడు: రాసింది నేను. విన్నది మా ఆవిడ.

ఆ రెండో ముక్క ఎక్కడ పోతుందోనని ఆమె బెంగ. పాఠాలు ఎలాగూ పోయాయి. మోకాళ్ల నొప్పులని చెప్పి పిల్లల్ని పంపించేసింది. పాటకీ మోకాళ్లకీ ఏం సంబంధమని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. ఇక ఆమెకంటూ మిగిలింది అతని పక్కనున్న ఈ కుర్చీ ఒక్కటే.

పెదవులు చూసి మాట పట్టడం నేర్చుకుంది. "ఆ మీసం కాస్త తగ్గించండి, దొంగలా ఉన్నారు," అంటే, పెళ్లినాటినుంచి ముద్దుగా పెంచుకున్న మీసాన్ని ఆ సాయంత్రానికే గీయించుకొచ్చాడు. గదిలోంచి కేకలేసే అలవాటు కూడా పోయింది. కాఫీ కావాలన్నా ఎదురుగా వచ్చి నిలబడి అడుగుతున్నాడు. వయసు మీద పడి మనిషి మెత్తబడ్డాడనుకుందామె.

ప్లేయర్ దగ్గరే చిక్కంతా. పాట నడుస్తుంటే తెర మీద పచ్చగీతలు ఎగిరెగిరి పడతాయి. వాటిని చూసి తల ఊపేది. ప్రతిసారీ బాగుందంటే అనుమానం రాదూ? అందుకని అప్పుడప్పుడూ చీకట్లో రాయి విసిరేది.

"ఎడమపక్క కాస్త గరగరలాడుతోందండీ."

"అవునా? ఉండు, చూస్తాను."

తల బద్దలు కొట్టుకుని కొట్టుకుని చివరికి వచ్చి, "నిజమేనోయ్, దొరికింది. నీ చెవి చెవే," అనేవాడు.

విసిరిన రాయల్లా తగిలేది. ఆ మెప్పు అందుకుంటుంటే ఆమెకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది.

అత్తగారిది ఇంకో తంటా. వీళ్లు వినడానికి కూర్చున్నారంటే చాలు, ఏదో గొణుక్కుంటూ వచ్చి గది తలుపు లాగేసి పోతుంది. మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చుంటే ఈ వయసులో కూడా ఓర్వలేకపోతోందని కోడలి లెక్క.

ఈసారి రాళ్లు విసరడానికి ఆమెకి మనసొప్పలేదు. పాటల ప్లేయర్‌ని అతను మొదటినుంచీ తిరగరాశాడు. చూపులేని పిల్లల బడివాళ్లు, అది బయటికి వస్తే తమ పాఠాలన్నీ అందులోనే వినిపిస్తామని కబురు పెట్టారు. రేపు అందులో ఏ రొద ఉన్నా పడేది ఆ పిల్లల చెవుల్లోనే. పాపం, వాళ్లకున్నవే అవి. తన అబద్ధం వాళ్ల దాకా పోకూడదు.

అత్తగారు వచ్చింది. తలుపు లాగేసి పోయింది.

భర్త మీట నొక్కాడు. పచ్చగీతలు లేచాయి. అతను కళ్లు మూసుకుని బల్ల మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు. హెడ్‌ఫోన్లు ఈమె చెవులకీ, తాళం అతని వేళ్లకీ. ఎప్పుడూ అదే పాట పెడతాడు కదా, కంఠతా వచ్చేసి ఉంటుందనుకుంది.

గీతలు పడుకున్నాయి. అతను కళ్లు తెరిచి కుర్చీ ఆమెవైపు తిప్పుకున్నాడు.

"ఎలా ఉంది?"

'బాగుంది' అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈసారి ఇంకెవరిచేతైనా వినిపించండి," అంది.

"ఏం, ఎందుకు?"

"నావల్ల కాదు. ఆ రెండో ముక్క కూడా తీసేయండి."

అతను ఆమె మొహంలోకే చూస్తూ, ఒక్కొక్క మాటా విడదీసి, నెమ్మదిగా అన్నాడు. "నువ్వు వినకుండా నేనేదీ వదల్లేదు. ఇదీ వదలను."

ఆ నమ్మకానికి ఆమెకి ఏడుపు ఆగలేదు. ఇక దాచడం తనవల్ల కాదు. ఎలాగూ పోయేదే కదా ఈ కుర్చీ, తన నోటితో తనే చెప్పేసి పోగొట్టుకుంటే నయం. చప్పున లేచి నిలబడింది.

కాలికి తగులుకున్న హెడ్‌ఫోన్ల తీగ బల్ల కిందనుంచి ఏ అడ్డూ లేకుండా ఆమె వెంటే వచ్చేసింది. కంప్యూటర్లో గుచ్చి ఉండాల్సిన దాని కొస మీద నెలల నాటి దుమ్ము పేరుకుని ఉంది.