వంతెన మీద వెలుగు

"ఇదేం సైకిలు మేస్త్రీ, పెళ్ళికొడుకు ఎక్కే బండా?" అన్నాడు నాలుగు రోజుల సెలవు తర్వాత ఇవాళే పనిలోకొచ్చిన దుంగలు మోసే పెద్దాయన.

కోత మిల్లులో పని దిగి ఇళ్ళకు బయలుదేరినవాళ్ళంతా నాలుగు రోజులుగా ఆగుతున్నట్టే గేటు దగ్గర ఆగిపోయారు. మసక చీకట్లో రంపం మేస్త్రి సైకిలు ధగధగా మెరుస్తోంది. చక్రాల పుల్లల మధ్య పాత సీడీలు. ముందు మడ్‌గార్డు నిండా అతికించిన అద్దం ముక్కలు. హ్యాండిల్‌కి కట్టిన ప్లాస్టిక్ సీసాలో బుల్లి బల్బుల దండ, అది వెలగడానికి కూతురి బొమ్మలోంచి ఊడదీసిన బ్యాటరీలు. సీటు వెనక ఓ చిన్న టార్చిలైటు, దాని మొహాన ఎర్రటి డబ్బా మూత.

"మా ఆవిడ చేసింది. పైసా ఖర్చు లేదు. అంతా ఇంట్లో పడున్న చెత్తే" అన్నాడు మేస్త్రి మీసం దువ్వుకుంటూ.

కాలవగట్టు రోడ్డు మీద దీపాలుండవు. పోయిన వారమే మిల్లులో చిత్రిక పట్టేవాణ్ణి చీకట్లో లారీ గుద్దేసింది. ప్రాణం దక్కింది కానీ కాలు దక్కలేదు. ఆ సంగతి మేస్త్రి అన్నం తింటూ భార్యకు చెప్పాడు.

"మీ సైకిలుకీ లైటు లేదు కదండీ" అంది ఆమె, తల ఎత్తకుండానే.

"లేకపోతే ఏం? నేను పోతే నీకు పీడ విరగడవుతుందిగా!"

మర్నాడు పొద్దున్నకల్లా సైకిలు ఇలా తయారై గుమ్మంలో నిలబడి ఉంది.

"అదృష్టవంతుడివయ్యా!" అన్నాడు పెద్దాయన సైకిలు చుట్టూ తిరిగి చూస్తూ. "ఒక్కటే నాకు అంతుబట్టలేదు. లారీలు గుద్దేది వెనక నుంచి కదా? వెనక మిణుగురు పురుగంత టార్చి పెట్టి, ముందు ఇంత జాతర చేసిందేం?"

"నేనూ అదే అడిగా. 'ఎదురొచ్చేవాళ్ళకే కాదండీ, ఎదురుచూసేవాళ్ళకీ కనబడాలి కదా' అంది."

"ఓహో!" అని గేటు గేటంతా నవ్వింది. కొత్తగా పెళ్ళయిన లోడింగ్ కుర్రాడైతే, "ఆ మంత్రమేదో మాకూ చెప్పు మేస్త్రీ" అన్నాడు.

"మంత్రం లేదు, మట్టీ లేదు. వంకర దుంగని రంపం కింద పెడితే తిన్నగా అవదూ? అంతే!" అని సైకిలెక్కాడు మేస్త్రి.

అతను నిజంగా నమ్మే మాటే అది. పెళ్ళయిన కొత్తలో ఆమెది ఒట్టి మొండిఘటం. మాటకు మాట అప్పజెప్పేది. చెయ్యి చేసుకోక తప్పలేదు. పాప పుట్టాక కొంత లొంగింది కానీ, ఇల్లు మాత్రం ఎప్పుడూ కిష్కింధే. అతను వెళ్ళేసరికి నేలంతా బొమ్మలు, పొయ్యి మీద ఉడకని కూర, పక్కింటావిడతో ముచ్చట్లు. ఎన్నిసార్లు బుద్ధి చెప్పినా అంతే. సైకిలు మీద అంటించిన ఆ అద్దం కూడా అలా బుద్ధి చెబుతూ అతను విసిరికొట్టిందే. ఆమె సమయానికి తల వంచింది కాబట్టి గోడకు తగిలింది.

ఈ నాలుగు రోజులుగా చూడాలి ఇల్లు! అతను మెట్లెక్కేసరికి కంచం పెట్టి ఉంటుంది. నీళ్ళు కాగి ఉంటాయి. పక్కింటావిడ జాడే ఉండదు. పాప నెత్తిమీదిదాకా దుప్పటి లాక్కుని నిద్రపోతూ ఉంటుంది. కొట్టడానికి వంక దొరక్క చేతులు దురద పెడుతున్నాయని నిన్ననే భార్యతో పరాచికమాడాడు. ఆమె చిన్నగా నవ్వింది కూడా. రోజూ పొద్దున్నే అతను బయలుదేరే ముందు తనే బ్యాటరీలు తీసి, తుడిచి, వెలుగుతున్నాయో లేదో చూసి మరీ పంపుతోంది. దెబ్బలు ఊరికే పోవు, ఎప్పటికైనా ప్రేమై మొలుస్తాయి అనుకున్నాడు మేస్త్రి, తొక్కుతూ తొక్కుతూ.

వంతెన ఇంకా పది గజాలుందనగా ముందు చక్రం గుంతలో పడింది. తాడు తెగి సీసా ఎగిరి కాలవలో పడింది. నీళ్ళలో ఓసారి మిణుకుమని ఆరిపోయింది.

"అయ్యో" అనుకున్నాడు. సీసా పోయినందుకు కాదు. వంతెన మీంచి చూస్తే తన ఇంటి కిటికీ కనిపిస్తుంది. మేడ మీద గది, పసుపురంగు వెలుతురు. వెలుగు రాలేదని ఆమె కంగారుపడుతుందేమో! చిత్రికవాడి గతే పట్టిందనుకుంటుందేమో! మొదటిసారిగా భార్య మీద జాలి లాంటిది కలిగింది. గబగబా తొక్కాడు.

సైకిలు గోడకు చేర్చి, రెండేసి మెట్లు ఎక్కాడు. తలుపు దగ్గర కాలు ఆగిపోయింది.

లోపల తన గొంతు.

"ఏమే! నీళ్ళేవే? చెవుల్లో సీసం పోసుకున్నావా?"

తన గొంతే, కానీ చిన్నది, సన్నది. ఆ వెంటనే నవ్వులు. ఒక నవ్వు పక్కింటావిడది. రెండోది ఎవరిదో పోల్చుకోవడానికి అతనికి కొంతసేపు పట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో భార్య పగలబడి నవ్వగా అతను వినలేదు.

తలుపు తోశాడు.

నేలంతా బొమ్మలు, దిళ్ళు. భార్య కడుపు పట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. కిటికీ పక్కన స్టూలు మీద పాప, మోకాళ్ళు దాటిన అతని చొక్కాలో, మూతి మీద బొగ్గుతో గీసిన మీసంతో నిలబడి ఉంది. నవ్వులు రంపం పెట్టి కోసినట్టు ఆగిపోయాయి.

పక్కింటావిడ తల వంచుకుని అతని పక్కనుంచి జారుకుంది. మేస్త్రి తలుపు మూసి గడియ పెట్టాడు. నింపాదిగా నడుము బెల్టు విప్పుకున్నాడు.

పాప ఒకసారి కిటికీలోంచి చీకటి వంతెన వైపు చూసింది, ఒకసారి తల్లి వైపు చూసింది. బొగ్గు మీసం మీదుగా కన్నీళ్ళు కారిపోతున్నాయి.

"ఒట్టమ్మా, నేను చూస్తూనే ఉన్నా... లైటు రాలేదు!"