గుంటక చప్పుడు

గురవమ్మ పత్తి చేలో కలుపు తీసే సైకిల్ గుంటకను రెండు చేతులా ముందుకు తోసి, అక్కడే నిలబడిపోయింది. ఎప్పుడూ కీచుమని అరిచే చక్రం ఇవాళ చప్పుడు చేయలేదు.

గట్టు అవతల మిరప చేలోంచి పేరయ్య నవ్వాడు. "నిన్న నువ్వు ఇంటికి పోయినాక నేనే కందెన పెట్టా వదినా. దాని అరుపుకి చెవులు చిల్లులు పడతన్నయ్. ఇప్పుడు తోసి చూడు, ఎంత తేలిగ్గా పోద్దో!"

"నిన్నెవరు పెట్టమన్నారు?"

"ఏంది వదినా, మేలు చేసినా తప్పేనా?"

ఆమె కొంగుతో ఇరుసు తుడిచి, పిడికెడు మన్ను తీసి అందులో పోసింది. పేరయ్య గట్టు దాటి పరుగున వచ్చాడు.

"పిచ్చా నీకు? అరిగిపోద్ది."

"అరగనీ. మీ అన్న ఇదే చేలో గుండె పట్టుకొని పడిపోయిన రోజు నువ్వు పక్క చేలోనే ఉన్నావు. ఆయనకి కేకేసే ఓపిక కూడా లేదు. పొద్దుగూకినాక చూసేసరికే ప్రాణం పోయింది. ఇది అరుస్తన్నంతసేపూ నేను బతికున్నట్టు పేరయ్యా. ఆగితే నువ్వన్నా వచ్చి చూస్తావని."

పేరయ్య ఇరుసు దగ్గర కూర్చున్నాడు. మిగిలిన కందెనంతా తన తువ్వాలుతో తుడిచి వెళ్లిపోయాడు.

కాసేపటికి చక్రం మళ్లీ కీచుమంది. సాలు చివర ఆమె గుంటక తిప్పుకునేటప్పుడల్లా ఆ చప్పుడు ఆగుతోంది. ఆగినప్పుడల్లా గట్టు అవతల పేరయ్య పార కూడా ఆగుతోంది.