వరదకు ముందా, తర్వాతా

కొత్తగా వచ్చిన రేంజరు సారు వాగొడ్డున కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. గోదావరికి పెద్ద వరద రాకముందు వలస వచ్చినవాళ్లు ఇక్కడే ఉండొచ్చు. తర్వాత వచ్చినవాళ్ల గుడిసెలు పీకేస్తారు, పోడు భూమి అడవిలో కలిపేస్తారు.

గుడిసెలు పన్నెండు. మాట ఒక్కటే. ముందే వచ్చాం.

"కాయితం ఉందా?"

"కాయితం ఏడిది సారూ," అన్నాడు గుడిసెల పెద్దమనిషి గంగయ్య. "నా చిన్నోని బొడ్డుపేగు ఈ మట్టిలనే పాతినం. వరద ఆ తర్వాత వచ్చింది. మంత్రసాని నాగక్కను అడుగుండ్రి. బొడ్డు కోసింది ఆమెనే."

"సరే. ఆమె చెప్పిందే రాసుకుంటా."

పిలుచుకురావడానికి గంగయ్యే పోయాడు. దారిలో మెల్లగా అన్నాడు. "ముందే అని చెప్పక్కా. నోరు జారితే అందరం మునుగుతం."

నాగక్క అతన్ని దాటుకుని ముందు నడిచింది.

పోయిన వానల్లో ఆమె కూతురు సారక్కకు జ్వరం వచ్చింది. పినపాక దవాఖానాకు బండి కట్టమని నాగక్క ఈ గంగయ్య కాళ్లే పట్టుకుంది.

"పిల్ల తుమ్మినా నీకు చావే కనిపిస్తది," అని నవ్వాడు. "ఎడ్లు దున్నకానికి పోవాలె. రేపు చూద్దాం తీయ్."

అదీ నిజమే. పిల్ల దగ్గినా, చెట్టెక్కినా, వాగు దాటినా నాగక్క గుండెలు బాదుకునేది. అందరూ నవ్వేవాళ్లు. ఆ రోజూ నవ్వారు. పొద్దుగూకేసరికి పిల్ల లేదు.

అప్పటి నుంచి నాగక్కకు దేనికీ భయం లేదు.

"చెప్పమ్మా," అన్నాడు సారు. "ఇతని చిన్నోడు పుట్టింది వరదకు ముందా, తర్వాతా?"

గంగయ్య పెళ్లాం పుల్లమ్మ దూరం నుంచే చేతులు జోడించింది. నాగక్క ఆ చేతుల్ని కాసేపు చూసింది.

"తర్వాత సారూ. నీళ్లు తీసిన రెండేండ్లకు. అసలు వచ్చుడే తర్వాత. చెట్లు కొట్టింది తర్వాత. పన్నెండు గుడిసెలూ తర్వాతనే."

పుల్లమ్మ జోడించిన చేతులు దించేసింది.

సారు రాయడం ఆపి తలెత్తాడు. "అంత గట్టిగా చెప్తున్నావు. నీకెట్లా తెలుసు?"

"ఎట్ల తెల్వదు సారూ," అంది నాగక్క. "నా పిల్లను ఒళ్లో పెట్టుకొని, ఈ గంగయ్య బండిలనే నేనూ వచ్చిన, ఆ పన్నెండో గుడిసె నాదే."