సోఫా మీద ఎర్ర మరక

సోఫా మీద ఎర్ర మరక చూడగానే హెడ్ కానిస్టేబుల్ కుళ్లాయప్పకు ప్రాణం లేచొచ్చింది. అరచేతంత ఉంది, ఇంకా తడి ఆరలేదు.

"రక్తం! ఓబులేసు ఇంటికొచ్చినాడు!" అని అరిచాడు.

దువ్వూరు దగ్గర రెండు పార్టీలవాళ్ళు నాటుబాంబులు విసురుకున్న కేసులో ఓబులేసు మొదటి ముద్దాయి. కాలికి గాయంతో మాయమై మూడు వారాలైంది. "శుక్రవారం సాయంత్రానికి వాణ్ణి పట్టుకురాకపోతే నువ్వు సింహాద్రిపురం పోతావ్" అని ఎస్సై తేల్చి చెప్పేశాడు. కుళ్లాయప్ప ప్రొద్దుటూరులో ఇల్లు కడుతున్నాడు. గోడలు లేచాయి, స్లాబు పడాలి. ఇప్పుడు బదిలీ అంటే ఆ గోడల మధ్య మేకలు కాపురం పెడతాయి. ఇవాళే శుక్రవారం.

గదులన్నీ గాలించాడు. అటకెక్కి దిగాడు. మనిషి లేడు, మరక మాత్రం ఉంది.

ఓబులేసు పెండ్లాం సంజీవమ్మ ఇంత కూడా బెదరలేదు. "రక్తం యాడిదన్నా? గోళ్ళరంగు. మా హజరాబీకి ఏస్తాంటే నువ్వు తలుపు బాదితివి. అదిరిపడి సీసా ఒంపుకుంటిమి."

హజరాబీ సోఫా చివర కూర్చుని ఉంది. నల్ల బురఖా, ముఖానికి ముసుగు, ఒళ్ళో చీరల మూట. మూట మీది వేళ్ళకు నిగనిగలాడే ఎర్రరంగు. జమ్మలమడుగు నుంచి చీరలమ్మడానికి వచ్చిందట. పన్ను పీకించుకుని నోట్లో దూది పెట్టుకుందట, అందుకే మాట్లాడలేదట. పరాయి ఆడమనిషిని తేరిపార చూడటం బాగుండదని కుళ్లాయప్ప చూపు మరక మీదికే తిప్పుకున్నాడు.

రక్తమైతే ఓబులేసు వచ్చినట్టు, గోళ్ళరంగైతే రానట్టు. ఆయన లెక్క అంత సులువు. జీపు డ్రైవర్ని పంపి, ఎదురు సందులో సోఫాలు కుట్టే హుమాయున్‌ని పిలిపించాడు.

హుమాయున్ ముందు సంజీవమ్మ ఇచ్చిన గోళ్ళరంగు తుడిచే మందు సోఫా వెనకవైపు ఒక చుక్క వేసి, గుడ్డ రంగు వెలవలేదని చూసుకున్నాడు. తర్వాత ఆ మందులోనే దూది ముంచి, మరక అంచు నుంచి నడుమకు మెల్లగా అద్దసాగాడు.

"గట్టిగా రుద్దప్పా!"

"రుద్దితే ఇంకా పాకుతాది సార్. అద్దాల్సిందే."

దూది తర్వాత దూది ఎర్రబడింది. మరక గులాబీ అయింది, లేత గులాబీ అయింది, సబ్బునీళ్ళ గుడ్డ పడేసరికి మాయమైంది.

"గోళ్ళరంగే సార్. రక్తమైతే ఈ మందుకు ఇట్ల పోదు."

కుళ్లాయప్ప ముఖం పాలిపోయింది. కళ్ళ ముందు మేకలు నెమరేస్తున్నాయి.

సంజీవమ్మ అందుకుంది. "తీరిందా అన్నా అనుమానం? నీ పుణ్యాన ఆమెకు బస్సు తప్పిపాయ. మధ్యాన్నం నమాజుకు ఇల్లు చేరాల. ఒక్క పూట గూడా తప్పదు. మోకాళ్ళ నొప్పులు, శానా దూరం నడవలేదు గూడా."

కుళ్లాయప్పకు నిజంగానే సిగ్గేసింది. ఆడమనిషి సోకు చేసుకుంటుంటే రక్తమని రచ్చ చేశాడు. హజరాబీ కుంటుకుంటూ గడప దాటుతుంటే మనసు ఇంకా కరిగింది. "జీపుండాది లేమ్మా, మావాడు జమ్మలమడుగులో దింపొస్తాడు" అని తనే మూట అందుకున్నాడు. జీపు దుమ్ము రేపుకుంటూ పోయింది.

హుమాయున్ ఎర్రబడ్డ దూదులు ఏరుకుంటూ ముసిముసిగా నవ్వుతున్నాడు.

"ఏందప్పా నవ్వుతాండావు?"

"ఏం లేదు సార్. నమాజుకు ముందర చేతులు కడుక్కుంటాం గదా, నీళ్ళు గోటికి తగలాల. రంగేస్తే తగలవు. అందుకే మా ఇంట్లో నమాజు చదివే ఆడోళ్ళు గోరింటాకు పెట్టుకుంటారు గానీ గోళ్ళరంగు జోలికి పోరు."

"మరి ఇందాకే చెప్పొచ్చు గదరా!"

"మీరడిగింది మరక సంగతే గద సార్."

కుళ్లాయప్ప గబగబా వీధిలోకొచ్చి జమ్మలమడుగు రోడ్డు వైపు చూశాడు. దుమ్ము కూడా అణిగిపోయింది. మూడు వారాలుగా ఊరూరా వెతికిన ఓబులేసుకు తన చేత్తోనే జీపు తలుపు తీసి, "కాలు జాగ్రత్తమ్మా" అని కూడా చెప్పాడు.